వినైలా, లామినేటా? బకెట్టునడగండి

కోనసీమలో ఇంటికి కొత్త నేల వెయ్యాలన్న ఆలోచన చాలాసార్లు ఫోన్లోంచే పుడుతుంది. డాలస్‌లో ఉన్న కూతురు వీడియో కాల్ చేసి ఇల్లంతా తిప్పి చూపిస్తుంది, కాళ్ళ కింద తేనెరంగు చెక్క. కువైట్‌లో ఉన్న కొడుకు ఏదో విల్లాలో చూసిన నేల ఫొటో పంపిస్తాడు. సంక్రాంతికి అందరూ వచ్చేలోగా మనింట్లోనూ అలాగే ఉండాలని తీర్మానం అయిపోతుంది. తీరా అమలాపురంలోనో రాజమండ్రిలోనో షాపుకి వెళితే ‘వుడెన్ ఫ్లోరింగ్’ పేరుతో రెండు పలకలు కౌంటరు మీద పెడతారు. రెండూ టేకులాగే ఉంటాయి. ఒకటి లామినేట్, రెండోది వినైల్. ఆ టేకు చారలు రెంటిమీదా అచ్చువేసిన బొమ్మే.

“నీళ్ళు పడితే ఏమైనా అవుద్దాండీ?” అని ఇంటాయన అడుగుతాడు. “ఆయ్, వాటర్ ప్రూఫేనండి” అని జవాబు వస్తుంది. అక్కడితో బేరం రంగు మీదకీ రేటు మీదకీ వెళ్ళిపోతుంది. అడగాల్సిన అసలు ప్రశ్న షాపువాడిది కాదు, ఇంటివాళ్ళది. మన ఇంట్లో నేలకి తడిగుడ్డ పెడతారా, లేక బకెట్టుతో నీళ్ళు కొట్టి చీపురుతో కడుగుతారా? గోదావరి జిల్లాల్లో ఎక్కువ ఇళ్ళలో శుక్రవారమో పండగ ముందురోజో జరిగేది రెండోదే. ఈ ఎంపికలో సగం ఆ బకెట్టే తేల్చేస్తుంది. మిగతా సగం ఇల్లు ఏ ఊళ్ళో ఉంది, ఏ అంతస్తులో వేస్తున్నారు అన్న దాన్నిబట్టి తేలుతుంది.

ముందు పలకల సంగతి. పైభాగం చూసి మోసపోవచ్చు గానీ, కోసిన అంచు చూస్తే ఏది ఏదో ఇట్టే తెలిసిపోతుంది. లామినేట్ అంచు గోధుమరంగులో, గట్టిగా అదిమిన రంపపుపొట్టులా ఉంటుంది. అది హెచ్‌డీఎఫ్. కలపను నారలా చేసి, రెజిన్ కలిపి, వేడిమీద నొక్కి తయారుచేసిన అట్ట. దానిపైన చెక్క బొమ్మ ఉన్న కాగితం, ఆ పైన అల్యూమినియం ఆక్సైడ్ కలిసిన మెలమైన్ పొర. స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ 1977లో దీన్ని కనిపెట్టి ‘పెర్గో’ పేరుతో అమ్మింది. 1990లలో జిగురు అక్కర్లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే క్లిక్ పలకలు వచ్చాక దేశదేశాలకీ పాకింది. పై పొర మహా మొండిది. కుర్చీ ఈడ్చినా, ఇసుక కాళ్ళతో నడిచినా ఒక పట్టాన గీత పడదు. దాని ప్రాణం ఉన్నది అంచుల్లో.

వినైల్ అంటే పీవీసీ. అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసిన వాల్డో సెమన్ 1926లో పీవీసీని మెత్తబరిచే మార్గం కనిపెట్టాడు. 1933 షికాగో ప్రదర్శనలో వినైల్ నేలపలకలు జనం కంటపడ్డాయి. ఇవాళ ఇది మూడు వేషాల్లో దొరుకుతుంది. చుట్టలుగా తెచ్చి మీటరు లెక్కన కోసి ఇచ్చే పల్చటి షీటు మొదటిది. అద్దె ఇళ్ళలో, కొట్లలో కనిపించేది ఇదే. రెండోది జిగురుతో అంటించే పలక, రెండు మూడు మిల్లీమీటర్ల మందం, చేత్తో వంచితే వంగుతుంది. మూడోది ఎస్‌పీసీ. సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసిన గట్టి పలక, క్లిక్కుతో బిగుస్తుంది, అంచు బూడిదరంగులో ఉంటుంది. అదే సైజు లామినేట్ పలకకన్నా చేతికి బరువుగా తగులుతుంది. ఈ రకం సరుకు ఇప్పుడు పక్క రాష్ట్రంలోనే తయారవుతోంది. రంగారెడ్డి జిల్లా చందనవెల్లిలో వెల్‌స్పన్ వాళ్ళ ఫ్లోరింగ్ కర్మాగారం ఉంది.

షాపులో రెండు రకాల తుంపులూ అడిగి ఇంటికి తెచ్చుకోవాలి. ఇవ్వనన్న షాపులో కొనకపోయినా నష్టం లేదు. రాత్రి రెంటినీ నీళ్ళ బకెట్టులో పడేసి, మర్నాడు రాత్రి దాకా కదపకుండా ఉంచాలి. ఎస్‌పీసీ ముక్క వేసినట్టే బయటికి వస్తుంది. మామూలు లామినేట్ ముక్క కోసిన అంచు దగ్గర ఉబ్బి, పై పొర పెదవిలా పైకి లేస్తుంది. గోరు పెట్టి గీరితే లోపలి అట్ట తడిసిన అట్టపెట్టెలా ఊడి వస్తుంది. రెండు రోజులు ఎండలో పెట్టినా ఆ ఉబ్బు దిగదు. కార్పెంటరు దగ్గర వెర్నియర్ ఉంటే తడపక ముందొకసారి, తడిపాక ఒకసారి మందం కొలిపించుకోవచ్చు. ఈ మధ్య నీళ్ళకి తట్టుకునే లామినేట్లు కూడా వస్తున్నాయి. వాటి పెట్టె మీద 24 గంటలనో 72 గంటలనో రాసి ఉంటుంది. ఆ హామీ పైనుంచి ఒలికిన నీళ్ళకి మాత్రమే, అది కూడా ఆ గడువులోగా తుడిచేస్తేనే. కిందినుంచి వచ్చే చెమ్మకీ, గదిలో నిలిచిన నీటికీ అది వర్తించదు.

కోనసీమలో నీరు మూడు దారుల్లో ఇంట్లోకొస్తుంది. వాటి ముందు బకెట్టు చిన్నది.

మొదటి దారి భూమిలోంచి. గౌతమికీ వసిష్ఠకీ నడుమ, కాలవల మధ్య ఉన్న ఒండ్రునేల ఇది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలవలకి నీళ్ళు వదిలాక చేలు తడుస్తాయి, బావుల్లో నీరు పైకొస్తుంది, పాత ఇళ్ళ గోడలు మోకాలెత్తు దాకా నెమ్మెక్కుతాయి. వేసవిలో కాలవలు కట్టేశాక అదే గోడ ఎండి తెల్లగా ఉప్పు పొంగుతుంది. జనం నేల పనులు పెట్టుకునేది సరిగ్గా ఆ వేసవిలోనే. ఏప్రిల్‌లో గచ్చు ఎండి గలగలలాడుతుంటే దానిమీద వినైల్ అంటిస్తారు. ఆగస్టుకి కిందినుంచి వచ్చిన ఆవిరికి దారి దొరకదు. జిగురు మెత్తబడి పలకల మూలలు లేస్తాయి, షీటు పొంగుతుంది, కింద బూజువాసన మొదలవుతుంది. అదే లామినేట్ అయితే అట్ట కిందినుంచే తడి పీల్చుకుని కీళ్ళ దగ్గర గుడిసెకప్పులా లేచి నిలబడుతుంది.

దీన్ని ముందే కనిపెట్టడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. రెండడుగుల పొడవూ వెడల్పూ ఉన్న పారదర్శకమైన పాలిథిన్ ముక్కను నేలమీద పరిచి నాలుగంచులా టేపు గట్టిగా అంటించి ఒక రోజంతా వదిలెయ్యాలి. కింద నీటి చుక్కలు పట్టినా, గచ్చు రంగు ముదిరినా ఆ నేలలో చెమ్మ ఉన్నట్టే. ఇప్పటికే టైల్స్ ఉంటే కనీసం ఒక కీలు పాలిథిన్ కిందకి వచ్చేలా పరచాలి, ఎందుకంటే ఆవిరి వచ్చేది టైలు గుండా కాదు, కీళ్ళలోంచి. ఈ పరీక్ష చెయ్యాల్సిన కాలం ఆగస్టు, సెప్టెంబరు. మే నెలలో చేస్తే ఏ ఇల్లయినా పాసవుతుంది.

రెండో దారి గాలిలోంచి. లామినేట్ చేసే చాలా కంపెనీలు గదిలో గాలితేమ సుమారు 40 నుంచి 65 శాతం మధ్య ఉంటే మంచిదంటాయి. సముద్రం పక్కనున్న ఈ సీమలో వానాకాలం 80 దాటడం మామూలే. డాలస్ ఇంట్లో ఆ నేల ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉందంటే కారణం ఉంది. అక్కడ తలుపులు మూసి, ఇల్లంతా ఏడాది పొడుగునా ఏసీయో హీటరో నడుస్తుంది, నేల కడిగే అలవాటు లేదు, బయటి చెప్పులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. ఇక్కడ కిటికీలు తీస్తేనే ఇల్లు. అందుకే లామినేట్ వేసేటప్పుడు గోడకీ పలకకీ మధ్య ఎనిమిది పది మిల్లీమీటర్ల సందు వదలాలని నియమం. ఉబ్బినప్పుడు జరగడానికి చోటుండాలి. ఆ సందు కనబడకుండా బీడింగు కప్పుతుంది. సందు చూసి ‘పని నీటుగా లేదు’ అని సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్పించేవాళ్ళున్నారు. తొలి వానలకే నేల మధ్యలో లేస్తుంది.

మూడో దారి గోదావరి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986 ఆగస్టు వరదలో అది 35 లక్షలు. పి.గన్నవరం, అయినవిల్లి, మామిడికుదురు, ముమ్మిడివరం మండలాల్లోని లంకల్లో ఇలాంటి అంకెల అర్థం ఎవరికీ చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరంలో నీటిమట్టం 17.75 అడుగులకి చేరి మూడో హెచ్చరిక ఎగిరిందంటే సామాను అటకెక్కించాల్సిందే. ఏటిగట్టు లోపలి ఇంట్లో, కింది అంతస్తులో, లామినేట్ అన్నమాటే ఎత్తకూడదు. ఒక్క వరదకి మొత్తం పోతుంది. అతికించిన వినైల్ కూడా అంతే. పైన కడిగితే పోతుంది గానీ, కిందకి చేరిన ఒండ్రును ఎవరు కడుగుతారు? క్లిక్ ఎస్‌పీసీని మాత్రం విప్పి, కడిగి, ఆరబెట్టి మళ్ళీ పరవచ్చని అంటారు. కాగితం మీద నిజమే. పలకల గాళ్ళలో ఇరుక్కున్న సన్నటి బురదని బ్రష్షుతో ఒక్కొక్కటే గీకి తియ్యడం, అడుగున అంటించి ఉన్న ఫోము ఆరేదాకా ఆగడం, వరద తీసిన ఇంట్లో ఎవరి వల్ల అవుతుందో ఆలోచించుకోవాలి. అమెరికాలో వరదముప్పున్న ఇళ్ళ కోసం ఫెమా అనే ప్రభుత్వ సంస్థ ఏ సామగ్రి వాడొచ్చో జాబితా వేసింది. సిమెంటు మాలుమీద పరిచిన సిరామిక్ టైల్సుని అది ఒప్పుకుంటుంది, చెక్క నేలని ఒప్పుకోదు, వినైల్ విషయం వాడిన జిగురును బట్టి ఉంటుందంటుంది. లంకల్లో ఎత్తు బేస్‌మెంటు కట్టి నాపరాళ్ళు పరిచిన పెద్దలు ఈ జాబితా చదివినవాళ్ళు కారు.

నీళ్ళ తరవాత చెదలు. ఈ సంగతి షోరూముల్లో ఎందుకో ఎవరూ ఎత్తరు. హెచ్‌డీఎఫ్ అంటే కలప నారే కదా. తడి, చీకటి, కలప మూడూ ఒకేచోట దొరికితే చెదపురుగుకి అంతకన్నా ఏం కావాలి? కొబ్బరితోట మధ్యలో ఉన్న ఇంట్లో, కింద గదిలో లామినేట్ వేసుకుంటే పై పొర చెక్కుచెదరకుండానే లోపలి అట్ట ఖాళీ అయిపోవచ్చు. అడుగేస్తే బోలుగా మోగేదాకా బయటపడదు. పీవీసీ దానికి మేత కాదు. లామినేటే కావాలనుకున్నవాళ్ళు ముందు నేలకీ గోడ మొదళ్ళకీ చెదల మందు కొట్టించాలి. కట్టిన ఇంటికి ఆ పని ఎలా చెయ్యాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది. చేసేవాళ్ళని ఆ నంబరు చెప్పి అడగొచ్చు.

ఇంతకీ వినైలే అన్నిటా మేలని కాదు. దానికి నిప్పు గిట్టదు. హారతిపళ్ళెంలోంచి రాలిన కర్పూరపు నిప్పు, విరిగిపడ్డ అగరొత్తి కొస, పొయ్యి మీదినుంచి దించి నేలమీద పెట్టిన మూకుడు, ఏదైనా చాలు, నల్లటి మచ్చ ఉండిపోతుంది. పసుపు పడి ఆరితే పీవీసీకి పట్టేసి ఓ పట్టాన వదలదు. గడపకి పసుపు రాసే ఇంట్లో గడప పక్క పలక లేతరంగుది కాకుండా చూసుకోవాలి. రబ్బరు అడుగున్న మ్యాట్ ఏళ్ళ తరబడి ఒకేచోట ఉంటే కింద పసుపుపచ్చటి మరక తేలుతుంది. బరువైన ఇనప బీరువా కాళ్ళు మెత్తటి వినైల్‌లో గుంటలు చేస్తాయి. పడమటి కిటికీలోంచి పడే ఎండకి పలకలు వేడెక్కి సాగుతాయి, అందుకే క్లిక్ వినైల్‌కి కూడా గోడల దగ్గర సందు వదలాల్సిందే. వినైల్ పైన పారదర్శకమైన పొర ఉంటుంది, దాని మందాన్ని మిల్లీమీటర్లలో అడగాలి. ఇంటికి 0.3, కొట్టుకైతే 0.5 ఉండాలి. లామినేట్‌కి ఇలాంటి కొలత ఏసీ3, ఏసీ4 అని రాస్తారు. గదిని చల్లబరిచే ఏసీకీ దీనికీ సంబంధం లేదు, అరుగుదలకి ఎంత ఓర్చుకుంటుందో చెప్పే తరగతి అది. ఇంటికి ఏసీ3 చాలు.

వాసన సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి. లామినేట్ అట్టలోని రెజిన్ నుంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువు కొద్దికొద్దిగా వస్తుంది. 2015 మార్చిలో అమెరికన్ టీవీ కార్యక్రమం ‘60 మినిట్స్’ లంబర్ లిక్విడేటర్స్ అనే గొలుసు దుకాణాల్లో అమ్మే చైనా లామినేట్లలో ఈ వాయువు మోతాదు మీద కథనం ప్రసారం చేసింది. ఆ మే నెలలో ఆ కంపెనీ వాటి అమ్మకం ఆపేసింది. ఆ వాయువు ఎంత తక్కువో చెప్పే తరగతి, పెట్టె మీద ఈ1 అనిగానీ అంతకన్నా మెరుగైన ఈ0 అనిగానీ లేని సరుకు పిల్లల గదిలోకి తేకపోవడం మంచిది. వినైల్‌లో మెత్తదనానికి కలిపే థాలేట్లు ఉండొచ్చు. అవి లేని రకాలు దొరుకుతాయి, అడగాలి అంతే.

ఇన్ని చిక్కులున్నా జనం ఎందుకు అడుగుతున్నారంటే కారణాలు లేకపోలేదు. నున్నటి టైల్సు మీద తడి ఉంటే పెద్దవాళ్ళు జారిపడతారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి తెల్లవారుజామున ఆ చల్లదనం పడదు. చెక్కలాంటి నేల కాలికి మెత్తగా, గోరువెచ్చగా ఉంటుంది. పాత టైల్సు పగలగొట్టకుండా, దుమ్ము లేకుండా, రెండు రోజుల్లో పనైపోతుంది. ఈ సుఖం ఎక్కడ కావాలో అక్కడే వేసుకుంటే సరిపోతుంది. ఇల్లంతా ఒకే నేల ఉండాలన్న నియమమేమీ లేదు.

రాజోలు వైపు ఒక రెండంతస్తుల డాబా ఉందనుకుందాం. లంక కాదు, కానీ వానాకాలం పెరట్లో నీళ్ళు నిలుస్తాయి. కింద ఉన్న టైల్సుని కదపనక్కర్లేదు. వంటిల్లు, పూజగది, స్నానాలగది ముందరి నడవ ఎలాగూ కడిగేవే. పైన అమెరికా నుంచి వచ్చేవాళ్ళకని కట్టిన ఏసీ పడగ్గదిలో లామినేట్ హాయిగా ఉంటుంది. కింద నేల నెమ్ము అక్కడికి రాదు, అక్కడ బకెట్టు పనీ లేదు. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ఏడాదిలో పదకొండు నెలలు ఆ గది తాళం వేసి ఉంటుంది. మూసిన గదిలో వానాకాలం గాలి కదలక, గోడమీద బూజు పట్టినట్టే పలకల కీళ్ళూ ఉబ్బుతాయి. అప్పుడప్పుడూ కిటికీలు తీసేవాళ్ళు లేకపోతే అక్కడా ఎస్‌పీసీనే మేలు. పై హాలు, మనవలు ఆడే చోటు, బాల్కనీ తలుపు పక్క భాగం ఎస్‌పీసీకి వదిలెయ్యాలి. తుపాను గాలికి వానజల్లు కిటికీ సందుల్లోంచి హాలు మధ్య దాకా కొడుతుందని ఇక్కడివాళ్ళకి తెలుసు.

ఇక డబ్బు. షాపులో ‘అడుగు ఇంత’ అని చెప్పేది పలక ధర ఒక్కటే. 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గది 168 చదరపు అడుగులు. కోతల్లో పోయేదానికి పదిశాతం కలిపితే 185. పెట్టెకి 20 అడుగుల సరుకు ఉంటే పది పెట్టెలు కొనాలి, అంటే 200 అడుగుల డబ్బు కట్టాలి. దీనికి అడుగున పరిచే ఫోము, ఆ కింద పాలిథిన్, తలుపు తీసేస్తే 49 అడుగుల బీడింగు, గడప దగ్గర అల్యూమినియం పట్టీ, కూలి, రవాణా కలవాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే దాన్ని చదును చేసే ఖర్చు వేరు. రెండు మీటర్ల బద్దె నేలమీద పెట్టి చూస్తే కింద మూడు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ సందు కనబడకూడదు. అంతకన్నా ఎక్కువ ఉంటే అక్కడ అడుగేసిన ప్రతిసారీ క్లిక్కు కిందా మీదా ఆడి ఏదో ఒకరోజు విరుగుతుంది. రెండు షాపుల రేట్లు పోల్చాలంటే ఇవన్నీ కలిపిన మొత్తం రాయించుకుని పోల్చాలి.

అందరూ మరిచేది తలుపులు. ఎనిమిది మిల్లీమీటర్ల పలక, రెండు మిల్లీమీటర్ల ఫోము కలిపితే నేల ఒక సెంటీమీటరు లేస్తుంది. పాత టేకు తలుపు అడుగు దానికి రాసుకుంటుంది. వానాకాలంలో తలుపూ ఉబ్బుతుంది కాబట్టి అసలు తెరుచుకోదు. పలకలు పరవక ముందే కార్పెంటరుని పిలిచి తలుపు ఊడదీసి అడుగు చిత్రిక పట్టించాలి. పలకల పెట్టెలు కూడా అదే గదిలో రెండు రోజులు ముందుగా తెచ్చి పడెయ్యాలి, ఆ గది గాలికి అవి అలవాటు పడ్డాకే పరచాలి. సంక్రాంతికి వారం ముందు పని పెట్టుకుంటే మేస్త్రి ఈ రెండు రోజులూ ఆగడు.

బిల్లు మీద మోడల్ పేరు, నంబరు, మందం, పెట్టెల మీదున్న బ్యాచి నంబరు రాయించుకోవాలి. గ్యారంటీ కాగితంలో ‘వరద’, ‘నేల చెమ్మ’ అన్న మాటలు ఏ వరసలో ఉన్నాయో చదవాలి. చాలా కాగితాల్లో అవి వర్తించనివాటి జాబితాలోనే ఉంటాయి. డిజైన్లు రెండు మూడేళ్ళలో మారిపోతాయి కాబట్టి పగిలిన ఒక్క పలక మార్చాలన్నా అదే రకం మళ్ళీ దొరకదు. ఒక పెట్టె ఎక్కువ కొని, పాలిథిన్‌లో చుట్టి అటకమీద పడుకోబెట్టి ఉంచాలి. నిలబెడితే పలకలు వంగిపోతాయి.